పిల్ల నడుముకు కట్టిన మేకగంట

“అడివిలో నా బిడ్డకు ఏమన్నా అయితే నాకు ఎవురు చెప్తారు? పాము కరిస్తే? ఆ బండల మీది నుంచి జారిపడితే? అరిచినా నాకు వినపడతాదా?”

సంతలో నన్ను అరచేతిలో పెట్టుకుని ఈశ్వరమ్మ అన్న మాటలివి. అప్పటికి పిల్ల బడిలో చేరనే లేదు. కరిచిన పామూ లేదు, జారిన బండా లేదు.

నేను ఒక మేకమెడ గంటను. సొట్టపోయిన చెంబులూ విరిగిన కొళాయిలూ కరిగించి కంచరి నన్ను పోతపోశాడు. తుక్కులోంచి పుట్టినదాన్ని కాబట్టి మనుషులంటే నాకు మొదటినుంచీ పెద్ద గౌరవం లేదు. ఆ తర్వాత చూసినవి దాన్ని పెంచలేదు కూడా.

నా మొదటి యజమాని మేకలు కాసేవాడు. గంట మోగినంతసేపూ మేక క్షేమంగా ఉన్నట్టేనని అతని లెక్క. చెట్టు కింద తువ్వాలు పరుచుకుని గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. చిరుతకు కూడా చెవులుంటాయని అతనికి తట్టలేదు. చిరుత ఎత్తుకుపోయిన మేక ఎముకల పక్కన, తుప్పల్లో దొరికాను నేను. చింతపండుతో తళతళా తోమి ఇంకో మేకకు కట్టాడు. అది జాతరకు పోయింది. నన్ను భద్రంగా విప్పి పక్కన పెట్టాకే కత్తి ఎత్తారు. మెడకన్నా గంటకే విలువ ఎక్కువని ఆరోజు తెలుసుకున్నాను.

ఇదంతా ఈశ్వరమ్మకు తెలియదు. చెప్పడానికి నాకున్నది ఒక ఇనుప నాలుక, అది అనేది ఒకటే మాట.

ఆమె భర్త మునిరత్నం మదనపల్లె అవతల కొండవాలులో ఉన్న ఒక బడికి జీపు నడుపుతాడు. ఆ పరిచయం మీదే కూతురు గీతికకు అక్కడ చోటు దొరికింది. గోడలు లేని బడి. బల్లలు లేవు, పలకలు లేవు. అయిదారేళ్ల పిల్లలు వాగు గట్టున బురదతో ఆనకట్టలు కడతారు, పెంటికలు చూసి ఏ జంతువు పోయిందో చెబుతారు, కానుగకాయలతో కూడికలు నేర్చుకుంటారు.

“పెద్దపెద్దోళ్ల పిల్లోళ్లు వస్తా ఉండారు ఆడికి, ఏమే,” అన్నాడు మునిరత్నం.

“వాళ్ల కత నాకొద్దు. నాకుండేది ఒకతే,” అంది ఈశ్వరమ్మ. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. ఆమె లెక్కన బడి అంటే గోడలూ గేటూ, గేటుకు తాళమూ.

అందుకే నన్ను నల్లదారానికి గుచ్చి, ముడి మీద ముడి వేసి గీతిక నడుముకు కట్టింది. బడికి తెచ్చి దించిన రోజునే అక్కడి టీచరు కాత్యాయని నన్ను చూసింది. పిల్లలు ఆమెను అక్కా అంటారు.

“ఈశ్వరమ్మగారూ, ఇది మేకలకు కట్టేది కదండీ.”

“అవును మేడమ్. మేకకుండే దిక్కు కూడా నా బిడ్డకు ఈడ లేదు కాబట్టే కట్టినా.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న చూపుకు నా ఇత్తడి కూడా చల్లబడింది.

ఈశ్వరమ్మ ఇంటికి పోలేదు. ముళ్లకంచె అవతల కొంగు పరుచుకుని కూర్చుంది. అది రోజూ జరిగే పని అయిపోయింది. నేను మోగితే ఊపిరి తీసుకునేది. కాస్త ఆగితే చాలు, “గీతీ!” అని కేక. ఆ కేకకు పిల్లలంతా ఉలిక్కిపడేవారు.

ఆ బడిలో పొద్దున్నే ఒక పని చేస్తారు. ప్రతి పిల్లా తనకంటూ ఒక చెట్టు ఎంచుకుని, దాని మొదట్లో కళ్లు మూసుకుని కూర్చుంటుంది. కాసేపయ్యాక ఎవరు ఏం విన్నారో చెప్పాలి. వడ్రంగిపిట్ట అని ఒకరు, ఎండుటాకు కింద తొండ అని ఒకరు. గీతిక వచ్చాక అందరిదీ ఒకటే జవాబు: గంట.

“మేకా, నువ్వు ఇంటికి పో,” అన్నాడు ఒక పిల్లవాడు. “నీ వల్ల మాకేమీ వినపళ్లా.”

అందరూ “మే...” అన్నారు. గీతిక ఊపిరి బిగబట్టింది. ఎంత బిగబట్టినా గుండె కొట్టుకుంటుంది కదా, నేను సన్నగా మోగాను. ఆ పిల్ల నన్ను గిచ్చింది. ఇత్తడికి నొప్పి లేదు, వేళ్లకే.

ఆ సాయంత్రం కాత్యాయని తేల్చి చెప్పేసింది. “రేపటినుంచి గంటతో పాపను పంపకండి. గంట తీయకపోతే ఈ బడి పాపకు సరిపడదు.”

“తీయను. ఎల్లుండి నుంచి మా పాపే రాదు. రేపొక్క దినం వాళ్ల నాయన జీపులో వస్తాది, అంతే.”

గీతిక ఇద్దరి మధ్యా నిలబడి వింది. ఎవరూ ఆమెను అడగలేదు.

మర్నాడు గంటతోనే వచ్చింది. అరటితొక్కల కోసం పక్క పల్లె మేక ఒకటి రోజూ బడిలోకి దూరుతుంది. గీతిక దాన్ని బండ చాటుకు పిలిచి, పలుగురాయి అంచుతో తన నడుము దారం పరపరా కోసి, నన్ను దాని మెడకు కట్టింది. కట్టిన ముడి గట్టిదే, బడిలోనే నేర్చింది. ఆపైన తన చెట్టు దగ్గరికి పోయి నిమ్మళంగా కూర్చుంది. నా జన్మలో నన్ను అంత సంతోషంగా వదిలించుకున్నవాళ్లు లేరు.

మేక కొండెక్కింది. కంచె బయట ఈశ్వరమ్మ చెవులు రిక్కించింది. గంట దూరమవుతోంది.

“యాడికి తీసకపోతాండారు నా బిడ్డను? దొంగముండలారా!”

చీర చిరుగుతున్నా ముళ్లలోంచి దూసుకొచ్చి నా వెంట పడింది. ఆమె పరుగుకు మేక బెదిరి ఇంకా పైకి పోయింది. బండలు దాటి, తుప్పలు దాటి, చివరికి ఒక ఇరుకు సందులో మేకా ఆమే ఎదురుపడ్డారు. మేక ఆకు నములుతూ చూసింది.

ఈశ్వరమ్మ దాని కొమ్ము పట్టుకుని నా వంక చూసిన చూపు చిరుత కూడా చూడలేదు. “చంపేసినారు,” అంది. “నా బిడ్డను చంపి గంట దీనికి కట్టినారు.” అరిచింది, శాపనార్థాలు పెట్టింది, కాత్యాయని వంశాన్నంతా తిట్టింది. కొండ ఆ తిట్లన్నీ తిరిగి ఆమెకే అప్పగించింది.

గొంతు బొంగురుపోయాక చుట్టూ చూసుకుంది. ఎటు చూసినా ఒకేలాంటి బండలు, ఒకేలాంటి తుప్పలు. ఎటునుంచి వచ్చిందో తెలియదు.

“ఎవురన్నా ఉండారా?” ఈసారి కేక సన్నగా వచ్చింది.

చెవి ఒగ్గింది. మేక తల విదిలిస్తే నేను మోగబోయాను. వినడానికి అడ్డమని ఆమె నన్ను పిడికిట్లో బిగించి నోరు నొక్కేసింది. నన్ను కొన్న మనిషే. ఎండుటాకు కింద ఏదో కదిలింది. పైన గద్ద అరిచింది. గాలి ఆగింది. ఎంతసేపో తెలియదు, ఆమె చెమట నా అంచు మీదుగా లోపలికి జారింది.

అప్పుడు, ఎక్కడో కింద తుప్పల్లోంచి ఒక చిన్న గొంతు, కోపంగా:

“అమ్మా! ఊరికే అరవొద్దు. కొండంతా నీ గొంతే, నువ్వు యాడుండావో మాకు తెలీలా. ఒక చెట్టు పట్టుకోని ఆడనే నిలబడుకో. నేను, అక్కా వస్తా ఉండాం.”