కొత్త డిస్కుకి బొట్టు

శ్యామలాదేవి బొట్టు పెట్టింది, పెట్టిన బొట్టు వెంటనే తుడిచేసింది కూడా. పెట్టడం తప్పో, తుడవడం తప్పో ఆవిడకి తెలియదు. రెండూ ఎవరూ చూడలేదని మాత్రం తెలుసు. పొద్దున్న అది అదృష్టం అనుకుంది, మధ్యాహ్నం అయ్యేసరికి అదే ప్రాణం మీదికి వచ్చింది.

ముందు గదిలో కోడలు సుచిత్ర, కంప్యూటర్లు బాగుచేసే కిరణ్ నేల మీద కూర్చుని, మూత విప్పిన డబ్బాలోకి తొంగి చూస్తున్నారు. పైన తెర మొత్తం నలుపు. మధ్యలో ఒక్క వరుస తెల్ల అక్షరాలు.

"డిస్కు లేదంటోందక్కా," అన్నాడు కిరణ్. "మా షాపులో సుబ్బరంగా ఆన్ అయింది. ఇక్కడికొచ్చేక దీనికేటొచ్చిందో తెలవట్లేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ శ్యామలాదేవి కొంగు చివర గుప్పిట్లో దాచుకుంది.

ఆ గదిలో సుచిత్ర జాకెట్లకి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తుంది. మిషను మనిషంత ఉంటుంది కానీ దానికి సొంత బుర్ర లేదు. నెమలి ముక్కు ఎటు తిరగాలో, తోక ఎక్కడ ఆగాలో అంతా కంప్యూటరే తీగలోంచి చెప్పాలి. ఆ కంప్యూటర్లో డిజైన్లన్నీ దాచే పాత డిస్కు హైబ్రిడ్ అట. సగం చక్రంలా తిరిగేది, సగం చిప్పు. ఒకదాంట్లో రెండు అని అప్పట్లో గొప్పగా అమ్మారు. ఇప్పుడు ఆ రెండూ కలిసి మూలుగుతున్నాయి. నిన్న మునగపాక పెళ్ళికూతురు హాసిని జాకెట్టుకి కుడిచేతి నెమలి పూర్తవగానే కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఎడమ చెయ్యి బోడిగా మిగిలింది. తెల్లవారుజామున ముహూర్తం, సాయంత్రం దీపాల వేళకి హాసిని నాన్న వచ్చి జాకెట్టు పట్టుకెళ్ళాలి.

కిరణ్ నిన్ననే పాత డిస్కు పట్టుకెళ్ళి, అందులో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించి ఈ పొద్దున్న తెచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి, స్క్రూల కోసం బండి దగ్గరికి వెళ్ళాడు. సుచిత్ర ఫోన్లో ఉంది. కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చి బొట్టు లేకుండా పనిలోకి దిగడమేమిటి? బెల్లం వ్యాపారం చేసిన ఇంట్లో కొత్త కాటాకి కూడా పసుపూ కుంకుమా పెట్టకుండా తూకం వెయ్యలేదు. డిస్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక చివర సన్నగా బంగారు రంగు పళ్ళు మెరుస్తున్నాయి. ఇదే దీని మొహం కాబోలు అనుకుని, తడి పసుపు అక్కడే అద్దింది. అంతలో కిరణ్ చెప్పుల చప్పుడు వినబడింది. గబుక్కున కొంగుతో రుద్దేసింది.

రుద్దడానికి కారణం ఉంది. కిందటి దసరాకి ఆయుధపూజ అంటూ తను మిషను మీద పసుపునీళ్ళు చల్లితే లోపల ఏదో కాలిపోయింది. సుచిత్ర ఒక్క మాట అనలేదు. బాగుచేయించుకుంది, ఆ మర్నాటి నించి గదికి తాళం వేసుకుంది. అత్త అత్తగానే ఉంది, భోజనం వేళకి భోజనం, మందుల వేళకి మందులు. ఆ గది మాత్రం ఆవిడది కాదు. కొడుకు శ్రీహరి పరవాడ ఫ్యాక్టరీలో షిఫ్టులకి పోతే, పగలంతా మూసిన తలుపు వెనక మిషను చప్పుడు వింటూ గడిపేది. ఈ మధ్యనే తలుపు తెరుచుకుంది. "అత్తయ్యా, ఈ పచ్చకి ఏ దారం నప్పుద్ది?" అని కోడలు అడగడం మొదలుపెట్టింది. రంగుల విషయంలో శ్యామలాదేవి కంటికి తిరుగులేదు. ఆ మాట కోసం ఆవిడ పొద్దున్నే స్నానం చేసి ఎదురుచూసేది.

ఇప్పుడు నోరు విప్పితే మళ్ళీ తాళమే.

కిరణ్ కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి, ఏవో మీటలు టకటకా నొక్కాడు. నీలం తెర వచ్చింది. "కంప్యూటర్ ఏ డిస్కు నించి లేవాలో ఇక్కడ వరస ఉంటాది. దాంట్లో పాతదాని పేరే ఉండిపోయిందేమో చూత్తాను."

అదే అయుండాలి నూకాలమ్మ తల్లీ, అని మనసులో మొక్కుకుంది శ్యామలాదేవి. అది కాదు. అసలా వరసలో కొత్త డిస్కు పేరే లేదు. తీగ మార్చాడు. ఇంకో కన్నానికి పెట్టాడు. ఒక్కసారి పేరు కనబడి, సుచిత్ర "వచ్చింది!" అనేలోగా మాయమైంది. సంచీలో ఉన్న పాతదాన్నే తీసి బిగించాడు. అది రెండు సార్లు టిక్కుమని ఊరుకుంది.

"పోయే ప్రాణం మీద ఉండగా అందులోదంతా లాగేనక్కా నిన్న. ఇది ఇంక లెగదు," అన్నాడు. "కొత్తది కంపెనీ నించే పాడై వచ్చినట్టుంది. ఆఖరికి ఇంకో తీగ తెచ్చి చూత్తాను. అదీ కాపోతే విశాఖ పంపాల."

"నా డిజైన్?"

కిరణ్ అప్పటికే బండి ఎక్కాడు.

శ్యామలాదేవి వంటింట్లోకి పోయి ఊరికే పొయ్యి తుడిచింది. తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచింది. తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది. చెబుదామని రెండడుగులు వేస్తుంది, దసరా గుర్తొచ్చి నాలుగడుగులు వెనక్కి వేస్తుంది. ఆ అబ్బాయి కొత్త తీగ తెస్తున్నాడు కదా, దానికే లెగుస్తుందేమో, చెప్పాల్సిన అవసరమే రాదేమో అని తనకి తనే సర్దిచెప్పుకుంది. అలా సర్దుకోవడంలో చాలాసేపు గడిచిపోయింది. కిటికీలోంచి వచ్చే ఎండ గట్టు దిగి నేల మీదికొచ్చింది.

ఇంక ఉండబట్టలేక, ఏదైతే అదవుతుందని గదిలోకి వెళ్ళింది.

సుచిత్ర కిటికీ పక్కన జాకెట్టు గుడ్డ తిరగేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతిలో కుట్లు విప్పే కట్టరు. ఒళ్ళంతా పచ్చా నీలం దారం ముక్కలు.

"ఏటమ్మా అది? ఏటి చేత్తన్నావు?"

"విప్పేత్తన్నానత్తయ్యా," అంది సుచిత్ర తలెత్తకుండా. "ఒక చేతికి నెమలుండి ఒక చెయ్యి బోడిగా ఉంటే పెళ్ళికూతురెలా తొడుక్కుంటాది? రెండు చేతులకీ పూసలేనా కుట్టి ఇచ్చేత్తాను."

నెమలి తోక అప్పటికే లేదు. మెడా, తలా మాత్రం మిగిలాయి. తోక ఉన్న చోట పట్టు మీద సూది కన్నాలు వరసగా కనిపిస్తున్నాయి.

"ఆపు! ఆపమ్మా!" శ్యామలాదేవికి ఏడుపు తన్నుకొచ్చింది. "నేనే చేసేను. ఆ డిస్కుకి పసుపు పెట్టేను. బంగారంలా మెరుస్తున్న చోట పెట్టేసి, కొంగుతో రుద్దేసేను."

కట్టరు ఆగింది. గుమ్మంలో కొత్త తీగతో కిరణ్ కూడా ఆగాడు.

అతనే ముందు తేరుకుని డిస్కు ఊడదీశాడు. స్పిరిట్‌లో ముంచిన దూదితో, తీగ తగిలే ఆ బంగారు పళ్ళు తుడిచాడు. దూది పచ్చబడింది. మళ్ళీ తుడిచి, ఆరబెట్టి, పాత తీగతోనే బిగించి మీట నొక్కాడు. నల్లటి తెర వెలిగింది. కాసేపటికి తెర నిండా హాసిని నెమలి తోక విప్పుకుని నిలబడింది.

ఎవరూ సంతోషించలేదు. కిరణ్ నెమ్మదిగా సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

సుచిత్ర హాసిని నాన్నకి ఫోన్ చేసి, రాత్రికి తనే పంపిస్తానని బతిమాలుకుంది. అదే నెమలిని అదే చోట కుడితే కన్నాలు కప్పుకుపోవచ్చు. పట్టు బిగువుకి ఓర్చుకుంటే. చిరిగిందా, ఇంక చేసేదేమీ లేదు. ఫోన్ పెట్టేసి అత్త వైపు తిరిగింది.

"కిరణ్ ఇక్కడున్నప్పుడే చెప్పుంటే తోక మిగిలేది కదా అత్తయ్యా. మీకు నేనంటే అంత భయమా?"

"మా అత్తగారంటే కూడా నాకింత భయం లేదమ్మా," అంది శ్యామలాదేవి. "ఆవిడ తిట్టేది. తిట్టేక ఆ పూటతో అయిపోయేది. నువ్వేటీ అనవు."

సుచిత్ర గుడ్డని చట్రంలో బిగించింది. అప్పుడు మొదలుపెట్టింది.

"బుద్ధుందా మీకు? డిస్కుకి పసుపేటి? పెడితే పెట్టేరు, చెప్పొద్దా? పెళ్ళికూతురి జాకెట్టు నాశనం చేసి వంటింట్లో పొయ్యి తుడుత్తారా? ఇంత వయసొచ్చి..." కళ్ళల్లో నీళ్ళు కారిపోతున్నా ఆపలేదు. తిట్టిన మాటే మళ్ళీ తిట్టింది. మిషను సూది పాత కన్నాల మీద మొదటి కుట్టు వేసినప్పుడు కూడా తిడుతూనే ఉంది.

శ్యామలాదేవి మిషను పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్క మాటకీ ఎదురు చెప్పకుండా, అన్నీ వింది.