ఎడం చేతి ముద్ద

రేణుకాదేవి గోంగూర పప్పు కలిపి, నెయ్యి వేసి, ముద్ద చేసి పట్టుకునేసరికి కూతురు అశ్విత ఇంకో పళ్లెంలో పెట్టుకుని సగం తినేసింది. ఎడం చేత్తో. "బస్సుకు టైమయిందిమా" అంటూ లేచింది. రేణుక ముద్దను మళ్లీ పళ్లెంలో వేసింది.

అశ్వితకు పుట్టినప్పటి నుంచి కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. ఎడమది మాత్రం ఉక్కు. గంతులేసే గొర్రెపిల్లనైనా ఒంటిచేత్తో పట్టి చంకలో ఇరికించుకునేది. ఆ చేత్తో అన్నం మాత్రం తినకూడదు. చిన్నప్పుడు ఒకసారి తినబోతే అవ్వ ఆదిశేషమ్మ మణికట్టు మీద ఒక్కటేసి, "కడుక్కునే చేత్తో కూడు తింటే ఇంట్లో లక్ష్మి నిలస్తాదా?" అంది. ఆనాటి నుంచి తినిపించే పని రేణుకది. చుట్టాలొస్తే వంటింటి తలుపు వెనక తినిపించేది. భర్త సురేంద్రబాబు ఒక్క ముద్దయినా పెట్టిన పాపాన పోలేదు గానీ, "నువ్వుండగా దానికేం తక్కువ" అనేవాడు. ఊళ్లోవాళ్లు తల్లంటే రేణుకే అనేవాళ్లు. కూరలో ఉప్పెక్కువైందని, మేకలకు నీళ్లు పెట్టలేదని రోజూ మాటలు పడే ఇంట్లో ఆమెకు దక్కిన మంచిమాట అదొక్కటే.

దూరవిద్యలో డిగ్రీ పూర్తయ్యాక అశ్వితకు ఆత్మకూరులో జిరాక్స్ షాపులో పని దొరికింది. మొదట్లో రేణుక మధ్యాహ్నంపూట చేజర్లలో బస్సెక్కి వెళ్లి, షాపు వెనక గదిలో తినిపించి వచ్చేది. ఒకరోజు బస్సు ఆలస్యమైంది. వెళ్లేసరికి పిల్ల తినేసి డబ్బా కడుక్కుంటోంది. రేణుక సంతోషించింది. తిరుగు బస్సులో కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది కూడా. బిడ్డ ఎదిగితే ఏడ్చే తల్లి ఉంటుందా అని తనను తానే తిట్టుకుంది. నేను పోయాక దీని గతేమిటని ఇన్నేళ్లూ దేవుళ్లకు మొక్కుకుంది. తీరా మొక్కు ఫలిస్తే తనకిక ఇంట్లో ఏం పనుందన్న భయం పట్టుకుంటుందని ఆమె అనుకోలేదు.

ఆ ఆదివారం బావగారి మనవడికి పుట్టెంట్రుకలు తీయించి పొట్టేలు కోశారు. మగవాళ్లదీ చుట్టాలదీ మొదటి బంతి. కోడళ్లు వడ్డించి, అందరూ లేచాక మిగిలింది తినాలి. అన్నం గిన్నెతో వస్తూ రేణుక చూసింది. మొదటి బంతిలో, బావగారి ఉదయగిరి వియ్యపురాలి పక్కన కూర్చుని, అశ్విత ఎడం చేత్తో కూర కలుపుతోంది. వియ్యపురాలు తన విస్తరి కాస్త అవతలికి జరుపుకుంది.

ఆదిశేషమ్మ కోడలి చెవిలో అంది. "నలుగురిలో పరువు తీస్తా ఉండాది. లోపలికి తీసకపోయి నువ్వు పెట్టుమే."

రేణుక కాళ్లు అటే నడిచాయి. అత్త మాట కన్నా ఇంకొక్కసారి తినిపిద్దామన్న ఆశే ఆమెను ఎక్కువగా లాగింది. వంగి విస్తరి వైపు చెయ్యి చాపింది.

అశ్విత తలెత్తి చూసి, కాస్త జరిగి చోటిచ్చింది. "కూర్చోమా. నువ్వు అన్నం తినేది నేను ఇంతవరకూ చూళ్లేదు."

రేణుక చెయ్యి ఆగిపోయింది. నిజమే. పిల్లకు పెట్టి, మగవాళ్లకు పెట్టి, అత్తకు పెట్టి, పొయ్యి దగ్గర నిలబడి చల్లారిన మెతుకులు మింగడాన్నే ఇన్నేళ్లూ భోజనమనుకుంది. తల్లంటే రేణుకే అన్న నోళ్లలో ఒక్కటైనా నువ్వు తిన్నావా అని అడగలేదు. ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం ఒంటికి బలంగానే ఉంది.

పందిట్లో నిలబడి అజమాయిషీ చేస్తున్న భర్త దగ్గరికి వెళ్లి గిన్నె అతని చేతిలో పెట్టింది.

"ఇదేంది?" అన్నాడు సురేంద్రబాబు.

"అన్నం. ఆ చివర నించి వడ్డించండి. నాకు ఆకలిగా ఉండాది."

కూతురికీ వియ్యపురాలికీ మధ్య విస్తరి వేసుకుని కూర్చుంది. అత్త గొణిగింది. అతను గిన్నె పట్టుకుని కాసేపు దిక్కులు చూశాడు. బంతి బంతంతా తనవైపే చూస్తోందని తెలిసి వంగి వడ్డించడం మొదలుపెట్టాడు. తన దగ్గరికొచ్చినప్పుడు రేణుక ఇంకొంచెం వెయ్యమంది.

కూర కలిపింది. చేతి అలవాటు కొద్దీ ముద్ద చిన్నగా వచ్చింది, పిల్ల నోటికి సరిపడా. దాన్ని విస్తరిలో విడదీసి, ఈసారి తన నోటికి సరిపడా కలుపుకుంది.