వెల్లకిలా పెట్టిన మూత

మూత లేచింది. అతను వంగాడు. క్యాను అంచుకు ముక్కు ఆనించి గాలి పీల్చాడు. ముక్కులోంచి సన్నగా ఈల వినిపించింది.

“పోనీ” అన్నాడు.

క్యాను ఇనుప రోలర్ల మీద గడగడమంటూ లోపలికి జారింది. దాని వెనకే ఇంకొకటి. మూత తీసేది బాబాయి, వాసన చూసేది అతను. పాల కేంద్రం అరుగు మీద పొద్దున మొదలైతే ఎండ ముదిరేదాకా ఇదే పని. లోపల పరీక్షల గదిలో యంత్రాలు లేకపోలేదు. కానీ పులిసిన క్యాను ఒక్కటి పెద్ద తొట్టిలో పడ్డాక యంత్రం ఏం చెప్పినా లాభం లేదు, తొట్టి మొత్తం కాలవపాలే. అందుకే తొట్టికి ముందు ఒక ముక్కు కాపలా ఉండాలి.

ఆ ముక్కు అతనిది. కేంద్రంలో అందరూ అతన్ని ‘ముక్కుగారు’ అంటారు. సన్నటి మనిషి. బుగ్గలు లోపలికి పోయి, చెవులు మాత్రం పెద్దగా కనిపిస్తాయి. ముక్కు దూలం మధ్య చిన్న పల్లం, తడి మట్టి మీద ఎవరో బొటనవేలు నొక్కి వదిలేసినట్టు. ఊపిరి గట్టిగా తీస్తే ఈల.

“ముక్కుగారూ, ఇంకో రెండు కూతలు రానివ్వండి, కుక్కరు దించేద్దాం” అన్నాడు క్యాన్లు దింపుతున్న లారీ డ్రైవరు.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. బాబాయి నవ్వలేదు.

బాబాయి అంటే చుట్టం కాదు. అరుగు మీద అందరికన్నా పెద్దవాడు, అందుకని అందరికీ బాబాయే. ఆయన మూత తీసే పద్ధతి ఒకటుంది. మూత లేపి, దాని లోపలి వైపు తన మొహానికి దగ్గరగా తెస్తాడు. పాలు మంచివైతే మూతను క్యాను పక్కన బోర్లా పెడతాడు. చెడ్డవైతే వెల్లకిలా పెడతాడు. చూసేవాళ్ళకి అదొక పెద్ద విషయం కాదు. ముక్కుగారికి మాత్రం అదే బతుకు. ఎందుకంటే ఆ ముక్కుకి ఏ వాసనా తెలియదు.

ఒకప్పుడు తెలిసేది. ఆవు ఉల్లికాడలు మేసిందని పాలను బట్టి చెప్పేవాడు. తర్వాత ఒక వేసవిలో, మనుషులు చాలక షిఫ్టు మీద షిఫ్టు చేస్తున్న రోజుల్లో, ఒక వ్యాను డ్రైవరు తాళంచెవి కొన మీద తెల్లటి పొడి పెట్టి అందించాడు. “లాగు గురూ. నిద్ర దాని దారిన అది పోతుంది.”

నిద్ర పోయింది. దాని వెనకే ఆకలి పోయింది. ముక్కు కారడం, ఎండిపోవడం, పొద్దున్నే నెత్తుటి పెచ్చులు రాలడం మొదలయ్యాయి. ఒకరోజు డాక్టరు అతని ఎడమ ముక్కుపుటంలో సన్నటి లైటు పెట్టి, చేతికి అద్దం ఇచ్చాడు. కుడి ముక్కుపుటం ఎర్రగా వెలుగుతోంది.

“పొడి తగిలినప్పుడల్లా లోపలి రక్తనాళాలు ముడుచుకుపోతాయి. రక్తం అందక పొర ఎండిపోతుంది, పుండవుతుంది, చివరికి మధ్య గోడ చచ్చిపోతుంది. నీకు చిల్లు పడింది. ఈల అందులోంచే. ఏం పీల్చావు?”

“సున్నం మిల్లులో పనిచేశాను సార్” అన్నాడు. డాక్టరు అతని కళ్ళలోకి చూసి, ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆ పొడి మానేశాడు. మానడానికి నరకం చూశాడు. అయినా చిల్లు పూడలేదు, వాసన తిరిగి రాలేదు. భార్యకి సైనసని చెప్పాడు. పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుని, రుమాలు తనే ఉతుక్కుంటాడు. ఈ ఉదయం స్టవ్ మీద పాలు అడుగంటి వంటిల్లంతా మాడు వాసన కమ్మింది. అతను అటు వీపు పెట్టి, పక్కనే కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు.

“ఊళ్ళోవాళ్ళ పాలకే గానీ మనింటి పాలకు పనికిరాదా మీ ముక్కు?” అంది ఆవిడ గిన్నె దించుతూ.

సరదాగానే అంది. అతనికి చెంప మీద కొట్టినట్టయింది.

బాబాయికి ఎవరూ చెప్పలేదు. నిరుడు కిరసనాయిలు కంపు కొడుతున్న క్యానుకు అతను “పోనీ” అన్నాడు. బాబాయి ఒక్క క్షణం అతని మొహం చూసి, ఆ క్యానును తనే పక్కకు లాగేశాడు. మర్నాటి నుంచి మూతలు మాట్లాడటం మొదలుపెట్టాయి. వాళ్ళిద్దరూ మాత్రం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇవాళ బాబాయికి ఉద్యోగంలో ఆఖరి రోజు.

టీ తాగుతుంటే ఆయన గ్లాసులోకి చూస్తూ అన్నాడు. “ఒరే అబ్బాయ్. రేపట్నుంచి నీ పక్కన నేనుండను.”

“తెలుసు బాబాయ్.”

“వేరే పని అడుగు. గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది.”

“ఎందుకూ అని అడుగుతారు కదా.”

“అడుగుతారు. చెప్పు. నీ అంతట నువ్వు చెబితే ఒకలా ఉంటుంది, వాళ్ళు పట్టుకుంటే ఇంకోలా ఉంటుంది.”

అతను గ్లాసు కడగడానికి లేచాడు. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు.

టీ తర్వాత బాబాయికి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది, సంతకాలకి. ఆయన అరుగు దిగుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు. మూతలు తీయడానికి క్యాన్లు కడిగే అక్క వచ్చింది. ఆవిడ మూతలన్నీ ఒకేలా పెడుతోంది. అతను వంగుతున్నాడు, పీలుస్తున్నాడు, “పోనీ” అంటున్నాడు. వీపు మీద చెమట కారుతోంది.

ఒక మూత తీయగానే అక్క మొహం చిట్లించింది.

“పోనీ.”

“తమ్ముడూ, ఇంకోసారి చూడు.”

ఆపెయ్యమనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అతని నాలిక దాకా వచ్చింది. లారీ డ్రైవరు చూస్తున్నాడు.

“వాసన చూసేది నువ్వా, నేనా?” అన్నాడు.

అక్క క్యాను మీంచి చెయ్యి తీసేసింది. క్యాను లోపలికి జారిపోయింది.

కాసేపటికి లోపల గోల మొదలైంది. తొట్టి అడుగు కుళాయి తిప్పేశారు. తెల్లటి పాలు కాలవలోకి ధారగా పోతుంటే పనివాళ్ళు పనులు ఆపి నిలబడ్డారు. సూపర్‌వైజరు ఆ క్యానును అరుగు మీదకి తెప్పించాడు. అడుగున విరిగిన పాలు గడ్డలుగా అంటుకుని ఉన్నాయి.

“క్యాను సరిగ్గా కడిగి పంపితే పాలెందుకు పులుస్తాయమ్మా? రేపట్నుంచి రావద్దు.”

“కడిగానండీ” అంది అక్క. ఒక్కసారి ముక్కుగారి వైపు చూసి, తల దించుకుంది. తను హెచ్చరించిన సంగతి చెప్పనే లేదు.

అతను అక్కకీ సూపర్‌వైజరుకీ మధ్యకి వచ్చాడు. అప్పటికే బాబాయి ఆఫీసు నుంచి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

“సార్, మీ ఫోను లైటు వెయ్యండి” అన్నాడు ముక్కుగారు.

“ఎందుకండీ ఇప్పుడు?”

“వెయ్యండి.”

ఫోను తీసుకుని లైటును తన ఎడమ ముక్కుపుటానికి ఆనించాడు. అరుగు మీద నీడలో కుడి ముక్కుపుటం ఎర్రగా వెలిగింది. లారీ డ్రైవరు మొహం తిప్పుకున్నాడు.

“జబ్బు కాదు సార్. మత్తుపొడి పీల్చి తెచ్చుకున్నాను. ఇప్పుడు మానేశాను గానీ నాకు వాసన తెలియదు. అక్క చెప్పింది, చూడమని. నేనే వినలేదు.”

“ఎన్నాళ్ళనుంచి?”

“నిరుటి నుంచి.”

“మరి ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?”

బాబాయి ఒక మెట్టు ఎక్కాడు, నోరు తెరిచాడు.

“అదృష్టం సార్” అన్నాడు అతను, బాబాయి వైపు చూడకుండా.

సూపర్‌వైజరు ఫోను వెనక్కి తీసుకుని లైటు ఆపాడు. తర్వాత అక్కతో, “మిగతా క్యాన్లు నువ్వు చూడమ్మా” అని లోపలికి వెళ్ళిపోయాడు. వెళ్ళిపొమ్మని ముక్కుగారికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

టోపీ తీసి మేకుకు తగిలించాడు. ఆ పులిసిన క్యాను దగ్గర ఆగి, దాని మూత చేతిలోకి తీసుకున్నాడు. అలవాటుగా మొహం దగ్గరికి తెచ్చాడు. ఈల తప్ప ఏమీ లేదు. మూతను జాగ్రత్తగా పక్కన పెట్టి మెట్లు దిగాడు.

గేటు దాటేదాకా అతనూ బాబాయీ పక్కపక్కనే నడిచారు. వీధి మలుపులో బాబాయి ఆగాడు.

“ఇంట్లో ఏం చెబుతావురా?”

“నా ఫోనుకూ లైటుంది బాబాయ్.”

అతను ఒక దారిన వెళ్ళాడు, బాబాయి ఇంకో దారిన. అరుగు మీద రోలర్లు మళ్ళీ గడగడలాడాయి. అక్క వంగింది, లేచింది, “పోనీ” అంది. ఆ పక్కనే, ఎవరూ ముట్టుకోని క్యాను దగ్గర మూత వెల్లకిలా పడి ఉంది, లోపలి అంచున ఒక పాలచుక్క ఎండిపోతూ.