నమాకావు ఎకసెక్కాలు

కంప్యూటరు నల్లటి తెర మీద హమూంగా అనే అతను 'దిద్దు' అనే ఆజ్ఞను పరీక్షిస్తున్నాడు. జాంబియాలోని లుసాకా బజారు చివర రేకుల కొట్టులో పాత కంప్యూటర్లు బాగుచేయడం అతని పని. వేళ్ళ మీద కాలిన మచ్చలు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, నోట్లోంచి రాని మాట. అతని కంప్యూటరు బొమ్మలు మోయలేని ముసలిది. అందుకే అక్షరాలు కొడితే చీటీలను డేటాబేసులో దాచే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసుకున్నాడు. మొదట్లో అందులో మరమ్మతుల సంగతులే ఉండేవి. తర్వాత నమాకావు మాటలు చేరాయి.

ఆమె ఆ కొట్టు ముందే ఎండుచేపలు అమ్మేది. ఆమె లోజీ, ఇతను ఆవులు మేపే టోంగా. ఆ రెండు తెగలవాళ్ళు ఎదురుపడితే ఎగతాళి చేసుకోవలసిందే, వరస అలాంటిది. ఒకరు పోతే రెండోవారు శవం దగ్గర కూడా వేళాకోళం ఆడాలి.

"ఏం మరిదీ, ఆవుల్ని వదిలేసి డబ్బాల్ని మేపుతున్నావా? పాలేమైనా ఇస్తున్నాయా?" అనేది.

హమూంగా తల దించుకుని నవ్వేవాడు. ఆమె అటు తిరగగానే ఆ మాట కొట్టి దాచుకునేవాడు. పని లేకుండా అతన్ని పలకరించే మనిషి ఆమె ఒక్కతే. బేరంగా చూస్తే అది ఒకవైపు వ్యాపారం: పుచ్చుకోవడమే గాని తిరిగి ఇచ్చింది లేదు.

ఇప్పుడామె ఆస్పత్రిలో ఉంది. పొద్దున ఫోను చేశాడు.

"వదినా, నీ మాటలన్నీ రాసిపెట్టాను. సాయంత్రం వచ్చి చదువుతాను."

"చదువు. మధ్యలో నీవి కలపకు, చప్పబడిపోతాయి."

అందుకే చీటీల్లో తప్పులు దిద్దడానికి కూర్చున్నాడు. ముందుగా ఒక మరమ్మతు చీటీ మీద ప్రయత్నించాడు, 'పంకా మార్చాలి' అన్నదాన్ని 'పంకా తుడవాలి' అని. దిద్దమన్నప్పుడు ఏ చీటీనో కూడా చెప్పాలి. ఆ ముక్క మరిచిపోయి మీట నొక్కాడు. చెప్పకపోతే డేటాబేసు అడగదు, అన్నిటినీ దిద్దేస్తుంది.

చీటీలు చూపించమన్నాడు. పంకా తుడవాలి. పంకా తుడవాలి. తెర జరిగినకొద్దీ అదే. నకలు తీసిపెట్టుకోలేదు, వచ్చినవాళ్ళందరికీ తీసుకోమని చెప్పేది మాత్రం అతనే.

గుర్తు తెచ్చుకుని మళ్ళీ కొట్టబోయాడు. ఆమె గొంతు వినిపిస్తోంది, మాటలు అందడం లేదు. పళ్ళెంలో మొక్కజొన్న పిండి న్షిమా ముద్ద చల్లారిపోయింది. చివరికి వట్టి చేతులతో బయలుదేరబోతుంటే ఆమె కూతురు నాసిలెలె ఫోను చేసింది.

"అమ్మ పోయింది బాబాయ్. ఇంటికి రా. టోంగావాళ్ళెవరూ రాలేదింకా."

చాపల మీద ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. అతన్ని చూసి ఏడుపు తగ్గించారు, ఏమంటాడో వినాలని. హమూంగా గొంతు సవరించుకున్నాడు.

"వదినా, ఇన్నేళ్ళూ నా గుమ్మమంతా కంపు చేశావు. ఒక్క చేపతలైనా నా పళ్ళెంలో వేశావా? మా ఆవులే నయం, పేడైనా వేస్తాయి."

ఏడుస్తున్నవాళ్ళే ఫక్కున నవ్వారు. నాసిలెలె కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళకా బాబాయ్ నోరు తెరవడం?"

నమాకావు వైపు నుంచి బదులు వస్తుందేమోనని అతను కాసేపు అక్కడే నిలబడ్డాడు.

అలాంటి వరసైనవాడు చావింట్లోంచి ఏదో ఒకటి ఎత్తుకుపోవచ్చు; ఎవరూ అడ్డు చెప్పరు. అతను గడప దగ్గరున్న ఆమె పసుపుపచ్చ రబ్బరు చెప్పులు తీసుకున్నాడు. కొట్టుకు వచ్చి బల్ల మీద, మీటల పలక పక్కన పెట్టాడు. ఎడమ చెప్పు మడమ దగ్గర ఒక చేప పొలుసు ఇంకా అంటుకునే ఉంది.