వేలు పట్టని కోత

చెనక్కాయల మిల్లు వెనక, గోడకూ పొట్టుకుప్పకూ నడుమ నిలబడి బాలప్ప నడుముగుడ్డ బిగిస్తున్నాడు. ముందు రాయిని గజ్జ మీద పెట్టాలి. అరచేతంత రాయి, పామిడి దగ్గర పెన్న ఇసుకలో ఏరుకున్నది, చేపపొట్టలా నున్నగా ఉంటుంది. దాన్ని పెద్దక్క పాతచీర పీలికలో చుట్టి, ఊపిరి బిగబట్టి, జారిన పేగును వేళ్ళతో లోపలికి నెట్టి, పైన రాయి అదిమి నడుము చుట్టూ గట్టిగా కట్టేస్తాడు. ఆ పైన గోచీ, ఆ పైన నిక్కరు, ఆ పైన తువ్వాలు. పెద్దక్క ఆయన పెళ్ళాం. ఇన్నేళ్ళుగా ఈ తతంగం ఆమెకు తప్ప నరమానవుడికి తెలీదు. మిగతా హమాలీలు రాకముందే ఇదంతా కావాలి గనక తెల్లారేసరికి వచ్చేస్తాడు. పనంటే ప్రాణం పెడతాడని గుత్తి మిల్లులన్నిట్లో ఆయనకు మంచి పేరు.

చెప్పుకుంటే పోలేదా అనొచ్చు. పేగు జారిన హమాలీని ఆ ముఠాలో మూట కిందికి రానివ్వరు. చేట చేతికిచ్చి ఆడవాళ్ళతో పాటు కాయలు చెరగమంటారు. నిన్నటిదాకా లారీలు నింపిన మగాడికి అది తల తీసేసినట్టే. పోనీ కోయించుకుందామా అంటే, వాళ్ళ నాయన కోయించుకున్నాడు. కోత మానక ఆ వానాకాలమంతా మంచానికి అంటుకుపోయాడు. చేనులో విత్తనం పడలేదు. మరుసటేడు ఆ చేను ఇంకొకరిదైంది, బాలప్ప మూట కిందికి వచ్చాడు. అప్పట్నుంచీ కత్తి పేరు చెబితే ఆయనకు వణుకు.

ఈరోజు మాత్రం ముడి రెండుసార్లు విప్పి వేశాడు. సుంకప్ప వస్తున్నాడు.

సుంకప్ప ఆయన జతగాడు. ఇద్దరూ చెరో కొసా పట్టి లేపితేనే మూట మూడోవాడి వీపు మీదికి ఎక్కేది. అతనికీ ఇదే జబ్బు, అదీ రెండు పక్కలా. దాచుకోవడం చేతగాక బయటపడ్డాడు. అనంతపురంలో కోయకుండా బొక్కలు పెట్టి బాగుచేస్తున్నారని ఎవరో చెబితే పోయాడు. పోయి పదిరోజులన్నా కాలేదు, అప్పుడే వస్తున్నాడంటే మిల్లంతా ఒకటే గోల. ఇంత తొందరగా లేచి నడిస్తే అది ఆపరేషన్ ఎట్లవుతుందని కొందరు పందేలు కూడా కాశారు.

సుంకప్ప నిజంగానే నడిచి వచ్చాడు. తల నున్నగా దువ్వుకుని, పెళ్ళికొడుకు మాదిరి. అందరి మధ్యా నిలబడి చొక్కా పైకెత్తాడు. బొడ్డు దగ్గర ఒకటి, దాని కింద రెండు, చిన్న చిన్న ప్లాస్టర్లు.

"ఇంతేనా?" అన్నాడు బాలప్ప.

"ఇంతేన్నా. ఈ బొక్కలోంచి కెమెరా దూర్చినారంట. కడుపులోకి గాలి కొట్టి, టీవీలో చూసుకుంటా పని చేసినారు. పేగు లోపలికి లాగి జాలీ అడ్డం పెట్టినారు. దోమతెర గుడ్డ ఉంటాదే, ఆ మాదిరి. నేను నిద్రలో ఉండా. లేసేసరికి అయిపోయిండాది. మర్సనాడు దోసె తిన్యా."

కాయలు చెరుగుతున్న హనుమంతమ్మ చేట ఆపింది. "టీవీలో నీ పేగులు చూసినారా? సిగ్గు లేదప్పా నీకు."

అందరూ నవ్వారు. బాలప్ప నవ్వలేదు. ఆ మూడు ప్లాస్టర్ల మీంచి ఆయన చూపు కదలడం లేదు. కత్తి లేదు, మంచం లేదు, మర్సనాడు దోసె. ఇన్నేళ్ళలో లేనిది గజ్జ మీది రాయి ఒక్కసారిగా బరువనిపించింది.

"నొప్పి?" అని అడిగాడు.

"దగ్గితే కొంచెం."

"మరి మూట?"

"నెల దాకా బరువు ముట్టుకోవద్దన్యాడు డాక్టరు."

పేచీ అక్కడ వచ్చింది. ఆ ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరికి కోత పడినా మేస్త్రీ నాగప్ప వచ్చి కోత పొడవునా వేళ్ళు ఆనించి కొలుస్తాడు. వేళ్ళు ఎన్ని పడితే సెలవు అంత. ఆ రోజులన్నీ జతగాడే ఇద్దరి పనీ చేస్తాడు, కూలి చెరిసగం. తాతలనాటి కట్టు, ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

నాగప్ప వంగి చూపుడువేలు ప్లాస్టరు పక్కన పెట్టాడు. అడ్డంగా పెట్టి చూశాడు, నిలువుగా పెట్టి చూశాడు.

"వేలు గూడా పట్టదు కదప్పా. చీమ కుట్టినా ఇంతకంటే పెద్దగా వాస్తాది. యాడుండాది కోత? పోయి మూట పట్టు. ఇత్తనాల లారీలు బయట నిలబడుకోనుండాయి."

నాగప్ప చెడ్డవాడేం కాదు. మృగశిర గాలి రివ్వున కొడుతోంది, మబ్బులు ఊరిస్తున్నాయి, పదునుకు విత్తనం అందకపోతే ఊళ్ళకు ఊళ్ళు బీడు పడతాయి. కోత కనిపించి ఉంటే జాలిపడేవాడే. ముఠా అంతా మేస్త్రీ మాటకే తలూపింది.

సుంకప్ప పౌరుషానికి పోయాడు. "నాకేమైందిలేప్పా, ఎత్తుతా," అంటూ పోయి మూట కొస పట్టుకున్నాడు. రెండో కొస పట్టాల్సింది బాలప్ప. ఆయన పట్టలేదు.

"ఇడ్సురా సుంకా," అన్నాడు.

"ఒక్క మూటే కదన్నా."

"ఇడ్సమంటాండా."

ఆయన గొంతు పెంచడం అక్కడ ఎవరూ ఎరగరు. పనులు ఆగాయి. ఇప్పుడు నోరు తెరిస్తే రేపట్నుంచి తనకు మూట లేదు. తెరవకపోతే ఆ పచ్చిపుండు మీద వీడు లారీలు నింపుతాడు, లోపలి జాలీ ఊడితే రేపు వీడూ పెన్నలో రాయి ఏరుకుంటాడు. బాలప్ప తువ్వాలు విప్పాడు. నిక్కరులోకి చెయ్యి పెట్టి, ముడి లాగి, చీరపీలికతో సహా రాయిని తీసి కాటా మీద పెట్టాడు. టక్కుమంది. గజ్జ పక్కన నిక్కరు కోడిగుడ్డంత పొంగింది. ఆడవాళ్ళు తల తిప్పుకున్నారు.

"లోపలిది బయటికి కనపడదు నాగప్పా. ఇన్నేండ్లూ నాది మీకు కనపడిందా? దీనికి యాడ వేలు పెట్టి కొలుస్తావో, రా, కొల్చు."

నాగప్ప రాయిని చూశాడు, బాలప్పను చూశాడు, మళ్ళీ రాయిని చూశాడు. ఒకే లారీ చెక్క మీద ఎన్నో ఏళ్ళు కలిసి నడిచినవాళ్ళు.

"ఏమప్పా నువ్వు. ఒక మాట చెప్పకూడదా."

"చెప్పింటే మోయనిస్తాంటివా?"

నాగప్ప సుంకప్ప దగ్గరికి పోయి మూట మీంచి అతని చెయ్యి తీశాడు. "నెల దాకా ఈ పక్కకు రావద్దు," అన్నాడు. అతని పని ముఠా అంతా పంచుకుంటుందని చెప్పాడు. ముఠా తలూపింది. అప్పుడు బాలప్ప వైపు తిరిగి, మొహం చూడలేక నేల చూస్తూ, "నిన్నింక మూట కిందికి రానీలేను బాలప్పా," అన్నాడు.

"తెల్సులే."

తెలిసే చేశాడు. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసుకున్నాడు, రాలేదు. వచ్చింది ఇంకోటి. తిరునాళ్ళ పరసకు పోయే పిల్లోడి ఆత్రం. సుంకప్ప రెక్క పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు.

"గాలి కొట్టేటప్పుడు తెలీదంటావా?"

"తెలీదన్నా."

"జాలీ తుప్పు పడితే?"

"ఇనుముది గాదన్నా అది."

"మూడే కదా బొక్కలు?"

"మూడే."

"అయితే పా. పెద్దక్కను పిల్చుకోని ఇప్పుడే బస్సెక్కుదాం. దావ చూపిద్దువు."

"ఇప్పుడేనా? రేపు పోదామన్నా."

"రేపటికి మళ్ళీ భయమైతాదిరా."

గేటు దగ్గరికి పోతుంటే హనుమంతమ్మ వెనకనుంచి కేకేసింది. "అన్నా, నీ రాయి మర్సిపోతాండావ్."

బాలప్ప గజ్జను అరచేత్తో అదిమిపట్టుకునే వెనక్కి తిరిగి నవ్వాడు. "ఉండనీలేమ్మా. దాని పనైపోయిండాది."

లారీ నింపేవాళ్ళు మూటల మీద చూపు పెట్టుకున్నారు. ఆయన గేటు దాటడం వాళ్ళెవరూ గమనించలేదు. కాసేపటికి నాగప్ప మూట తూయడానికి కాటా దగ్గరికి వచ్చి, రాయిని చూసి ఆగిపోయాడు. తీయడానికి చెయ్యి రాలేదు. హనుమంతమ్మే లేచి వచ్చి దాన్ని తీసుకుంది. గాలికి నీళ్ళకుండ మూత పొద్దుట్నుంచీ ఎగిరిపడుతోంది. మూత సరిచేసి రాయి దాని మీద పెట్టి, మళ్ళీ చేట పట్టుకుంది.

మధ్యాహ్నానికి గాలి ఇంకా పెరిగింది. పొట్టు లేచి మిల్లంతా కమ్ముకుంది. పెద్దక్క చీరపీలిక ఇంకా చుట్టుకునే ఉన్న ఆ రాయి కింద, కుండ మూత కదల్లేదు.