ప్రేమజ్యోతి పిలక

వాకిలి ఊడుస్తుంటే ఆ పొద్దునా చివరి సైకస్ మొక్కే కరుణకుమారి కొంగు పట్టుకుంది. గాలి లేదు. డెబ్బై ఎనిమిది జూన్ ఎండకి నర్సీపట్నంలో ఏడింటికే గులకరాళ్ళు కాలుతున్నాయి. వరసలో మూడు మొక్కలున్నాయి, మూడింటి ఈతమట్టల్లాంటి ఆకులకీ ముళ్ళున్నాయి. పట్టుకునేది మాత్రం ఆ ఒక్కటే.

ఆ ఇంటికొచ్చిన ప్రతి కోడలూ పాత మొక్క నుంచి పిలక తీసి తన పేరున పాతాలి. ఆమె పోయిననాడు ఆ మొక్కని బోడిచేసి, ఆకులతో శవపెట్టె మీదకి దండ కడతారు. మొదటిది భర్త వరదానం నాయనమ్మది. రెండోది అత్తగారు లీలమ్మది. చివరిది అతని మొదటి భార్య ప్రేమజ్యోతిది. ఆమెకేం జబ్బని అడిగితే "నీరసం" అన్నారు. ఇంటెడు చాకిరీ చేస్తే వచ్చే నీరసానికి డాక్టర్ల దగ్గర పేరుండదు కాబోలు, అనుకుంది కరుణ. ఏడాదిగా బోడిగా ఉన్న ఆ మొక్కకి, కరుణ కాపురానికొచ్చిన వారమే కొత్తాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. లేచి వంటింటి కిటికీ వైపు వంగాయి.

ముందురోజు రాత్రి అన్నం వడ్డిస్తూ, "రేపు బడి తెరుస్తారండీ, కొయ్యూరు వెళ్ళాలి" అంది.

వరదానం తలెత్తలేదు. "మానీమన్నాను కదా. ఇంట్లో పని మీ హెడ్మాస్టరొచ్చి సేస్తాడేటి?"

అతనికది హాస్యం. ఈ ఇంట్లో ఆమె "ఏమే", "ఒసే". కొయ్యూరులో టీచరమ్మ.

ఇప్పుడు లీలమ్మ గునపం, కత్తిపీట తెచ్చి పెట్టింది. "పిలక తీసి ఆకులన్నీ కోసీ. నీడన ఆరబెట్టి పాతాల. నీళ్ళు పొయ్యకు, కుళ్ళిపోతాది. పాతిన కోడలు మరి గేటు దాటదు. నేను దాటానేటి?"

ఆ చివరి మాట గేటు వైపు చూస్తూ అంది ముసలామె.

కరుణ ప్రేమజ్యోతి మొక్క మొదట్లో పిలక మీద చెయ్యి వేసింది. గునపం అక్కర్లేకపోయింది. ఎవరో అందించినట్టు పిలక అరచేతిలోకి ఊడి వచ్చింది. అంత ఎండలోనూ చల్లగా ఉంది, జ్వరం దిగిన పిల్ల నుదురులాగా. భయమేసింది. అయినా వదలబుద్ధి కాలేదు.

వరదానం స్నానానికి వెళ్ళాడు. కరుణ ఒక్క ఆకూ కోయకుండా పిలకని తువ్వాలులో చుట్టి గేటు తీసింది. లీలమ్మ చూసింది. చూసి, మొహం గోడవైపు తిప్పుకుంది.

బస్సులో పిలకని కిటికీ పక్క సీట్లో ఆనించి పెట్టింది. ఆకు మళ్ళీ కొంగు పట్టుకుంది. ఈసారి విడిపించుకోలేదు.

"కొయ్యూరేనా అమ్మా? ఎన్ని టిక్కెట్లు?" అన్నాడు కండక్టరు.

"రెండు" అంది కరుణ.