ఒంటి గుండు

ఒమాన్‌లో సోహార్ నుంచి బురైమికి రోడ్డు వేస్తున్న రోజులవి. క్యాంపు కాపలాదారు వజీర్ బలూచీవాడు. భార్య జైనబ్ అన్నదమ్ములు మొదటిసారి చుట్టపుచూపుగా వస్తున్నారని తెలిసి, జింకమాంసం పెడతానని ముందూ వెనకా చూడకుండా మాటిచ్చేశాడు. తాతల నాటి తుపాకి ఉంది. గొట్టం మూతిలోంచే మందూ సీసమూ దట్టించి పేల్చాలి. లేనిదల్లా చూపు, కళ్లకు పొరలు కమ్మాయి. అందుకని పోచన్నను పట్టుకున్నాడు.

పోచన్న నిర్మల్ వైపు మనిషి, సైట్‌లో కంకర పని. ఊళ్లో ఉన్నప్పుడు ఇలాంటి భర్మారు తుపాకితోనే అడవిలో తిరిగేవాడు. వేటలో అతనికి ఒకటే పట్టింపు, జంతువు గిలగిలా కొట్టుకోకూడదు. పాడైన లారీ బ్యాటరీలోని సీసం కరిగించి, గొట్టానికి సరిగ్గా పట్టే గుండు ఒకటి పోశాడు. దాన్ని తడిమి చూసి వజీర్ మొహం మాడ్చుకున్నాడు.

"ఇది వద్దు. చిన్న గోలీలు గుప్పెడు పొయ్యి."

"గోలీలకు సావదు చాచా. కడుపుల సీసం పెట్టుకొని ఉరుకుతది. ఏ గుట్టెనకనో పడి గోస పడ్తది. పాపం గాదా?"

"చావకూడదనే కదా నేననేది! ప్రాణం ఉండగా బిస్మిల్లా అని నేను గొంతు కోయాలి. నీ దెబ్బకే చస్తే హరాం. ఒక్క ముక్క ఎవరూ ముట్టరు."

ఇద్దరిదీ ధర్మమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

చివరికి పోచన్న పంతమే నెగ్గింది. "బాగ దగ్గరికి పోదాం. కత్తి తెరిచి నా పక్కన్నే ఉండు. పడంగనె ఉరుకు," అన్నాడు. వజీర్ అయిష్టంగానే తలూపాడు.

శుక్రవారం, డ్యూటీ లేదు. ఎండిన వాగులో తుమ్మచెట్టు కింద జింక మేస్తోంది. పోచన్న పాకుతూ వెళ్లి, ఊపిరి బిగబట్టి పేల్చాడు. పొగ విడిపోయేసరికి జింక పడి ఉంది. వజీర్ రాళ్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు. పోచన్న అతన్ని దాటి ముందే చేరాడు.

గుండు ముందుకాలి వెనక నుంచి సూటిగా గుండెలో దిగింది. ఇంకెప్పుడైనా అయితే మీసం మెలేసేవాడే. ఇప్పుడు మాత్రం వెనక కాలి వంకే చూస్తూ నిలబడ్డాడు. ఒక్కసారి తన్నుకుంటే బాగుండునని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకున్నాడు.

వజీర్ మోకాళ్ల మీద కూలబడి జింక మెడ పట్టుకున్నాడు. కత్తి మెడకు ఆనించాడు.

"నాకు కనబడట్లేదు. ఊపిరి ఉందా? చెప్పు, కోస్తాను."

ఉందంటే చాలు, విందు జరిగిపోతుంది. ముసలాయన మాట నిలబడుతుంది. పోచన్న ఉందనబోయి, ఆ వెనక కాలి వంక మళ్లీ చూశాడు.

"లేదు చాచా. పోయింది."

వజీర్ కత్తి మడిచి, పోచన్న భుజం కోసం చెయ్యి చాపి పట్టుకుని లేచాడు.

"మంచి దెబ్బ కొట్టావు," అన్నాడు.

ఆ మాటకు పోచన్నకు ఏడుపొచ్చింది.